భార్య అనారోగ్యం నిమిత్తం

ఆ పొద్దున అంట్లలో మూడు కంచాలు, రెండు గిన్నెలు, సర్వపిండి కాల్చిన మందపు గిన్నె ఉన్నాయి. వాటి పక్కన మోటార్‌సైకిల్ ఇంజను మీది మూత కూడా ఒకటి ఉంది. మూత అంటే చెంబు మూత లాంటిది కాదు, రెండు చేతులతో ఎత్తాలి. పైన రెక్కలు రెక్కలుగా ఉంటుంది, లోపల గుంట, ఆ గుంట నిండా అట్టకట్టిన మసి. దాన్ని హెడ్డు అంటారట. "ఇనుము తాకనియ్యకు. కొబ్బరి చిప్పతోనే గీకు, గీత పడొద్దు" అని చెప్పి మా ఆయన వెంకటేశం పేపరు పట్టుకుని గడప మీద కూర్చున్నాడు. తొమ్మిదిన్నరకు నేను ఆఫీసులో ఉండాలి. ఆయన స్నానానికి నీళ్ళు కాగుతున్నాయి, మా అత్త రాములమ్మకు జొన్న గట్క ఉడుకుతోంది, నేను కిరసనాయిలు కంపు కొట్టే చేతులతో ఇంజను మసి గీకుతున్నాను. అత్త గట్క గిన్నె ముందు కూర్చుని, కిరసనాయిలు వాసన వస్తోందని రెండుసార్లు అన్నది. కొడుకుతో కాదు, నాతో.

అది అరవై ఎనిమిదో సంవత్సరం, సీతాఫలాల కాలం. తార్నాక నుంచి లాలాపేట పోయే సందులో రెండు గదుల వాటా మాది. మా ఆయన యూనివర్సిటీ ఇంజనీరింగు కాలేజీ వర్క్‌షాపులో డిమాన్‌స్ట్రేటరు. నేను అదే యూనివర్సిటీ ఆఫీసులో, ప్రావిడెంట్ ఫండ్ సెక్షన్లో గుమస్తాను. నా పేరు సారలమ్మ. ములుగు దిక్కు పల్లెలో పుట్టి, కోఠీలో బి.ఏ. చదివి, పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. రెండేళ్ళ ప్రొబేషను ఆ నెలాఖరుతో ముగుస్తుంది. నన్ను పర్మినెంటు చేసే కాగితం కదిలిందని విన్నాను. దాని కోసం ఎంత ఎదురుచూస్తున్నానో ఎవరికీ చెప్పలేదు. మా అమ్మ పుట్టిందగ్గర్నుంచి చచ్చేదాకా ఆమె పేరు ఏ కాగితం మీదా ఎక్కలేదు. పొలం మా నాయిన పేరు మీద, ఇల్లు మా తాత పేరు మీద, చివరికి ఆమె పాలు పిండిన బర్రె కూడా లోను కాగితంలో మా పెద్దన్న పేరు మీదే ఉండేది. నా పేరు ముద్రతో సహా ఒక కాగితం మీద పడితే, అది నాకు ఉద్యోగం కంటే ఎక్కువ.

బండి సంగతి చెప్పాలి. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో ఒక ముసలి ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఊరు విడిచి పోతూ అమ్మేసిన పాత ఇంగ్లీషు బండి అది. కొనేటప్పుడు మా ఆయన చెప్పిన కారణం నేను. "ఎండల నడిచి పోతున్నవు, నాకు చూడబుద్ధి అయితలేదు" అన్నాడు. ఆ మాటకు నేను కరిగిపోయి నా బంగారు గుండ్ల పేరు తీసి చేతిలో పెట్టాను. బండి వచ్చాక తెలిసింది, నా ఆఫీసు తొమ్మిదిన్నరకు, ఆయన కాలేజీ పదింటికి. అరగంట ముందు పోయి ఆయన మాత్రం ఏం చేయాలి? పొద్దున క్లాసున్న రెండు రోజులు నేను బండి ఎక్కేదాన్ని, మిగతా నాలుగు రోజులు ఎప్పటిలాగే చెప్పులు అరగదీసేదాన్ని.

అయినా నేను ఏమీ అనుకోలేదు. మా ఊళ్ళో కొత్త ఎద్దును కొన్న రైతును చూడాలి. అది మేసినా చెప్తాడు, నెమరు వేసినా చెప్తాడు, పేడ వేసినా చెప్తాడు. మా ఆయన కూడా అంతే. చెడ్డవాడు కాదు. తాగడు, చెయ్యెత్తడు. ఇంజను విప్పినప్పుడు ఆ చేతుల్లో ఉండే నెమ్మది చూస్తే ముచ్చటేస్తుంది. ఒక్క బోల్టు కూడా నేల మీద పెట్టడు, నా పాత చీర ముక్క పరిచి వరుసగా పేరుస్తాడు. ఆ వరుసను చూసి నేను ఎన్నోసార్లు అనుకున్నాను, ఈ చేతులు ఇంత శ్రద్ధగా నా తలనొప్పిని ఎన్నడైనా అడిగాయా అని.

క్యాంపసులో ఆర్ట్స్ కాలేజీ దిక్కు పోయే దారిలో ఒక ఎత్తు ఉంది. ఇద్దరం ఎక్కితే బండి అక్కడ మూలిగేది. అదే నెల ఇంజనీరింగు కాలేజీకి కొత్తగా వచ్చిన ఒక లెక్చరరు, మెరిసే కొత్త బండి మీద మమ్మల్ని ఆ ఎత్తు మీదే దాటి పోయాడు. పోతూ చెయ్యి ఊపాడు. వెనక హాస్టలు పిల్లలు ఈల వేశారు. అంతే, మా ఆయనకు ఆ పూట అన్నం రుచించలేదు. తర్వాత మళ్ళీ నేను బండి ఎక్కిన రోజు, ఎత్తు మొదట్లో ఆపి, "జర దిగు. పైన ఎక్కించుకుంట" అన్నాడు. నేను టిఫిను డబ్బా, సంచి పట్టుకుని దిగాను. ఆయన రయ్యిమని పోయాడు. రోడ్డు పక్కన గంప ముందు కూర్చున్న సీతాఫలాలమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఏంది బిడ్డ, బండెక్కినోళ్ళు గూడ నడుస్తరా?" అంది. ఆమె వెక్కిరించలేదు, నిజంగానే అడిగింది. నేను ఆయాసపడుతూ పైకి చేరేసరికి ఆయన చేతి గడియారం చూసుకుంటూ పసిపిల్లాడిలా నవ్వుతున్నాడు. "నువ్వు ఎక్కితే ఇరవై తొమ్మిది సెకండ్లు. నువ్వు లేకుంటే పద్దెనిమిదే."

ఆ ఆదివారం నన్ను తార్నాక కట్టెల అడితికి తీసుకుపోయి, కట్టెలు తూచే కాటా మీద నిలబెట్టాడు. లెక్కకు కావాలన్నాడు. అడితి యజమాని అవతలి తట్టలో రాళ్ళు పెట్టి, నలభై తొమ్మిది కిలోలు అన్నాడు. చుట్టూ కట్టెలు కొట్టేవాళ్ళు గొడ్డళ్ళు ఆపి చూశారు. నేను చీర కుచ్చిళ్ళు పట్టుకుని తల వంచుకుని దిగాను. మా ఆయన మాత్రం చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. నా బరువు, పెట్రోలు ట్యాంకు బరువు, పక్కపక్కన.

ముషీరాబాదులో ఉస్తాద్ అని అందరూ పిలిచే మెకానిక్ ఉన్నాడు. ఆయనకు బండి చూపిస్తే, సిలిండరు లోపల తొలిపించి పెద్దది చేసి, దానికి తగ్గ పెద్ద పిస్టన్ వేసి, పెట్రోలు ఎక్కువ తాగే కార్బురేటర్ పెట్టి, హెడ్డు అడుగు కొంచెం అరగదీస్తే ఈ ముసలి బండి పడుచుదై పోతుందని చెప్పాడట. సామాను బొంబాయి నుంచి రావాలి. అంతా కలిపి నా రెండు నెలల జీతం అంత.

అక్కడి నుంచి మా ఇంట్లో కారణాలు పుట్టడం మొదలైంది. వాళ్ళ అమ్మతో, నీకు అర్జెంటుగా దవాఖానకు పోవాల్సి వస్తే బండి గట్టిగ ఉండాలె గద అన్నాడు. కాలేజీలో, ఇది పిల్లలకు చూపించే ప్రయోగం అన్నాడు. నాతో, "నిన్ను ఎత్తు కాడ దింపినప్పుడు నా పానం ఎట్లైతదో నీకెరుకనా? నీ కోసమే గద" అన్నాడు. నేను రోజూ నలుగురి దరఖాస్తులు చదివేదాన్ని. ఒక ఖర్చుకు ఒక కారణం చెప్పేవాడికి అవసరం ఉంటుంది, మనిషికొక కారణం చెప్పేవాడికి కోరిక ఉంటుంది. కోరిక ఉండటం తప్పు కాదు. నాకు ఆ లెక్చరరును దాటాలని ఉన్నది అని ఒక్కసారి చెప్పి ఉంటే, నేనే ఏదో విధంగా సర్దేదాన్నేమో.

సరే, ఆ పొద్దున హెడ్డు అద్దంలా చేసి ఇచ్చి, పరుగున ఆఫీసుకు పోయాను. పోగానే ఏదో తేడాగా అనిపించింది. పావుగంట ఆలస్యమైనా ఎవరూ ఒక్క మాట అనలేదు. నేను బీరువాలోంచి లెడ్జరు తీయబోతే అటెండరు సమ్మయ్య ఉరికి వచ్చి పట్టుకున్నాడు. "మీరు మొయ్యకుండ్రి అమ్మా. చెప్తే నేను తియ్యనా?" రెండేళ్ళలో ఆ మనిషి నాకు మంచినీళ్ళ గ్లాసు కూడా అందించలేదు. కిటికీ పక్క సీటు ఖాళీ చేసి నన్ను గాలికి కూర్చోమన్నారు. టైపిస్టు అన్నపూర్ణ అనంతపురం పిల్ల, మంచిది, మనసులో ఏదీ దాచుకోలేని మనిషి. టైపు మిషను ఆపి నా పక్కకు వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఏమక్కా, ఇంత బాధ పడతాండి నాతో ఒక్క మాటన్నా చెప్పకపోతివే" అంది. కళ్ళలో నీళ్ళు కూడా తిరిగాయి.

నేను అడిగేలోపు సూపరింటెండెంటు రామాంజనేయులు గారి నుంచి పిలుపు వచ్చింది. పెద్దాయన, రిటైర్మెంటుకు దగ్గరున్నవాడు, కోపం వచ్చినా 'అమ్మా' అనే తిడతాడు. లోపలికి పోగానే కుర్చీ చూపించాడు. గుమస్తాలను ఆయన కూర్చోబెట్టడం నేను ఎన్నడూ చూడలేదు. ఒక ఫైలు నా ముందుకు జరిపాడు. మా ఇంటి కాగితం కదా, ఇంకొకరి చేతికి ఎందుకు అని నాకే మార్కు చేశానన్నాడు. దాని మీద నోటు రాసి పంపితే ఆ రోజే పైకి పంపిస్తానన్నాడు. ఆయన దయ చూపిస్తున్నాననుకున్నాడు. నేను ఫైలు విప్పాను.

మా సెక్షన్లో అడ్వాన్సు ఇచ్చేది నాలుగు కారణాలకే. జబ్బు, కాన్పు, పెళ్ళి, చావు. బండికి బలం పెంచుకోవడం ఆ నాలుగింటిలో లేదు. మా ఆయన ముత్యాల్లాంటి దస్తూరీ చూడగానే గుర్తుపట్టాను. 'భార్య అనారోగ్యం నిమిత్తం' అని ఉంది విషయం. కింద, నా భార్య శ్రీమతి సారలమ్మ నాలుగు నెలలుగా గర్భకోశ వ్యాధితో బాధపడుతున్నదనీ, గర్భసంచి తీసివేసే ఆపరేషను తప్పదనీ. వెనక ముషీరాబాదు డాక్టరు ఎవరో ఇచ్చిన సర్టిఫికెట్టు. ఈ స్త్రీ నాలుగు నెలలుగా నా చికిత్సలో ఉన్నది, నేను స్వయంగా పరీక్షించాను అని సంతకం. ఆ డాక్టరు ముఖం నేను చూడలేదు. ఆయన క్లినిక్కు ఉస్తాద్ దుకాణం పక్కనే ఉంటుందని తర్వాత తెలిసింది.

లోకంలో ఇన్ని జబ్బులుండగా ఈ మనిషి ఇదే ఎందుకు రాశాడు అనుకున్నాను. పచ్చకామెర్లు రాయొచ్చు, గుండె నొప్పి రాయొచ్చు, వాళ్ళమ్మ మోకాళ్ళు రాయొచ్చు. ఆలోచించగా అర్థమైంది. పెళ్ళై నాలుగేళ్ళు, పిల్లల్లేరు. నాకు గుండె నొప్పి అంటే నలుగురు అనుమానిస్తారు, రోజూ నడిచి వస్తోంది కదా అంటారు. గర్భసంచి అంటే ఎవరూ అడగరు. అందరూ నా విషయంలో ముందుగానే నమ్మి కూర్చున్న జబ్బు అదొక్కటే. ఆయన దాన్ని సరిగ్గా ఎంచుకున్నాడు, దుకాణంలో సైజు చూసి పిస్టన్ ఎంచుకున్నట్టు. పోనీ ఆయన ఎన్నడైనా నా పిల్లల కోరిక గురించి మాట్లాడాడా అంటే లేదు. డాక్టరు దగ్గరికి ఇద్దరం పోదాం అని నేను అన్న రెండుసార్లూ, నాకేం తక్కువ అని లేచిపోయాడు. నాతో మాట్లాడటానికి సిగ్గుపడిన సంగతి, ఇన్‌వర్డు గుమస్తా, అటెండరు, టైపిస్టు, అందరూ చదవడానికి మూడు ప్రతుల్లో రాసి ఇచ్చాడు.

రామాంజనేయులు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇంకొక మాట ఉండాది తల్లీ. బాధ పడొద్దు. నీ కన్ఫర్మేషన్ కాగితం కూడా ఈ వారమే పోతాది. అందులో నువ్వు ఆరోగ్యంగా ఉన్నట్టు సర్టిఫికెట్టు పెట్టినావు. ఇందులో చూస్తే ఆపరేషను అంటాండారు. రెండూ ఒకే బల్ల మీదికి పోతే పైనోళ్ళు గమ్మున ఉంటారా? ఆపరేషను అయినాక చూద్దామంటారు. అందాకా సీటు ఖాళీగా పెడతారా?"

ఆయన తప్పు లేదు. ఆయన లెక్క సరైనదే. నేను ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన ఊహించుకున్నాను. ఒకదాంట్లో నేను గుమస్తాను, ఒకదాంట్లో నేను గర్భసంచిని. రెండింటిలో ఒక్కటే నిజం కావాలి. మా ఆయన కాగితం నిజమైతే నా ఉద్యోగం పోతుంది. నాది నిజమైతే అబద్ధపు సర్టిఫికెట్టు పెట్టినందుకు ఆయనకు మెమో వస్తుంది, ఇంక్రిమెంటు ఆగుతుంది, క్యాంపసంతా తెలుస్తుంది. సోమవారం దాకా వ్యవధి ఇవ్వండి సార్ అన్నాను. ఆయన, ఆరోగ్యం చూసుకో తల్లీ అన్నాడు.

రెండు రోజులు ఆ కాగితం సంగతి ఎత్తలేదు. ఇంట్లో బండి ముచ్చటే. సామాను వచ్చేసింది, ఉస్తాద్ నమ్మకం మీద బిగించాడు, పైసలు అడ్వాన్సు రాగానే ఇస్తే చాలన్నాడు. శనివారం ఒంటిపూట. నేను ఇంటికి వచ్చేసరికి మా ఆయన వాకిట్లో బండి తుడుస్తున్నాడు, అత్త గడపలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను సంచి కూడా దించకుండా అడిగాను, ఆ కాగితంలో ఏం రాశావో తెలుసా అని.

ఆయన తడబడలేదు. నవ్వాడు కూడా. "వచ్చిందా నీ టేబుల్ మీదికి? నీ సెక్షనే గద, జల్ది అయితదనే పెట్టిన. అండ్ల ఏమున్నదే, ఒక్క కాగితం. అందరూ గట్లనే రాస్తరు. పోయినేడు మా స్టోర్‌కీపర్ సచ్చిపోయిన అత్తను మల్లొకసారి సంపిండు."

నా పర్మినెంటు సంగతి చెప్పాను. ఆయన గుడ్డ ఆపాడు. నిజంగానే ఆ ఆలోచన ఆయనకు రాలేదు, ముఖం చూస్తే తెలిసింది. దరఖాస్తులో 'భార్య' అని రాసేటప్పుడు, ఆ భార్య కూడా హాజరు పట్టీలో ఒక పేరని ఆయనకు తట్టలేదు. క్షణం సేపు నాకు ఆశ కలిగింది. కాగితం వాపసు తీసుకో, ఉస్తాద్‌కు నెలనెలా నేనే ఇస్తాను అన్నాను. వాపసు తీసుకుంటే అనుమానం వస్తది, అప్పుడు నాకే ఇజ్జత్ పోతది అన్నాడు. నా ఇజ్జత్? అని అడిగాను. నీకేమైతది, జబ్బు ఎవరికి రాదు అన్నాడు.

అప్పుడు అత్త చిక్కుడుకాయల మీంచి తల ఎత్తకుండా అంది. "ఏందే గంతగనం ఒర్లుతవు? నాలుగేండ్లాయె, కడుపు పండకపాయె. వాడు రాసిన దాంట్ల అబద్ధమేమున్నది?"

ఆమె కోపంతో అనలేదు. ఈనె తీసి పక్కన పడేసినంత మామూలుగా అంది. నేను మా ఆయన ముఖం వంక చూశాను. ఊకో అవ్వా అని వాళ్ళమ్మను ఆపుతాడేమోనని. ఆయన వంగి చక్రం పుల్లలు తుడుస్తున్నాడు. ఒక్కొక్క పుల్ల, రెండు వైపులా.

మర్నాడు ఆదివారం పొద్దున్నే నన్ను లేపి, రా, నీ కోసం చేయించింది నువ్వే ముందు ఎక్కాలె అన్నాడు. సంధి అనుకున్నాడు. నేనూ ఎక్కాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, బండి బాగుంది. క్యాంపసులో చెట్ల నీడలు రోడ్డు మీద పొడుగ్గా పడి ఉన్నాయి. మనుషులు లేరు. ఎత్తు మొదట్లో నేను అలవాటుగా దిగబోయాను, ఆయన నా చెయ్యి పట్టుకుని నడుముకు చుట్టుకున్నాడు. ఇంజను గొంతు మారింది, కింద ఏదో పెద్ద జంతువు లేచి నిలబడినట్టైంది, ఎత్తు మా కింద జారిపోయింది. చెవుల్లో గాలి, కొప్పు ఊడి జుట్టు వెనక్కి. నాకు తెలియకుండానే నవ్వాను. పైన ఆగి ఆయన గడియారం చూసి, "పద్నాలుగు. నువ్వుండంగ పద్నాలుగు" అన్నాడు. ఆ క్షణం ఆ మనిషి మీద నాకు ప్రేమ కలిగింది. ఇంత చేయగలిగినవాడు, ఇంత చిన్న మాట నిజంగా చెప్పలేకపోయాడే అని జాలి కూడా కలిగింది.

ఆ మెత్తదనంలోనే మళ్ళీ అడిగాను. రేపు నోటు రాయాలి, ఈ పూటన్నా వాపసు తీసుకుంటానని చెప్పమన్నాను. ఆయన బండి స్టాండు వేసి, నా జుట్టు మీద ఎండుటాకు తీసి పారేశాడు. చాలా ప్రేమగా అన్నాడు.

"పర్మినెంట్ కాకుంటే ఏమైతదే? ఇంట్ల ఉండు. అవ్వకు తోడైతవు. నా జీతం లేదా? నీకు ఏడికి పోవాలన్నా గీ బండి మీద నేను తిప్పుత. ఇంక నడిచే పనే లేదు నీకు."

ఆయన నిజంగా వరం ఇచ్చాననుకున్నాడు. నన్ను మళ్ళీ ఎక్కమన్నాడు. నేను ఎత్తు దిగేదాకా నడిచి వస్తానన్నాను. ఎందుకే, ఇప్పుడు దిగే పని లేదు గద అన్నాడు. నాకు నడవాలని ఉన్నదన్నాను. ఆయన భుజాలు ఎగరేసి, ఇంకో రెండుసార్లు టైము చూసుకుంటానని బండి తిప్పుకుని పోయాడు. నేను ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి ఒక్కదాన్నే నడిచాను. ఈ దారి నేను రెండేళ్ళు నడిచిన దారి. ఎండల్లో, వానల్లో, నెలసరి నొప్పితో, నిద్ర చాలక, కాలి కింద చెప్పు తెగి. ఆ నడక అంతా ఒక బాధ అనీ, దాని నుంచి నన్ను తప్పించాలనీ అందరూ అంటారు. నాకు మాత్రం ఆ అరగంటే నాది. ఆ అరగంటలో నేను ఎవరికీ వండడం లేదు, ఎవరి మసీ గీకడం లేదు, నా మనసులో నేను ఏమైనా అనుకోవచ్చు. పక్కనుంచి బండి రయ్యిమని పైకి పోయింది, రయ్యిమని కిందికి వచ్చింది. ప్రతిసారీ ఆయన నాకు చెయ్యి ఊపాడు. బండి వెనక సీటు ఖాళీగా ఉన్నా ఆయన ముఖంలో ఏ లోటూ లేదు. నేను ఉన్నప్పుడు పద్నాలుగు, లేనప్పుడు అంతకంటే తక్కువే అయ్యుంటుంది.

సోమవారం పొద్దున తొమ్మిదింబావుకే ఆఫీసుకు చేరాను. ఫైలు విప్పి, నోటు షీటు తీసి, కలంలో ఇంకు పోసుకున్నాను. ఆయనకు ఏమవుతుందో నాకు తెలుసు. సాయంత్రం ఇంట్లో ఏమవుతుందో కూడా తెలుసు. వాళ్ళమ్మ వీధి వీధికీ తిరిగి మొగుణ్ణి పట్టించిన ఆడది అంటుంది. మా నాయిన దాకా మాట పోతుంది. పోనీ కాగితం దాచేస్తే? పోయిందని చెప్తే? అట్లాంటి ఉపాయాలు నాకూ తెలుసు. రెండేళ్ళ ఉద్యోగంలో ఎన్నో చూశాను. కానీ దాచినా, పోగొట్టినా, ఆ నాలుగు వాక్యాలు చదివినవాళ్ళ కళ్ళలో నేను అట్లాగే ఉండిపోతాను. కిటికీ పక్కన గాలికి కూర్చోబెట్టాల్సిన మనిషిగా.

నోటు మూడు పేరాలు రాశాను. మొదటిది, దరఖాస్తు నిబంధన ప్రకారం ఉన్నది. రెండోది, జతపరిచిన సర్టిఫికెట్టు వాస్తవం కాదు, కాబట్టి అడ్వాన్సు మంజూరు చేయదగినది కాదు. మూడోది రాయడానికి ఎక్కువ సేపు పట్టింది. దరఖాస్తులో పేర్కొన్న భార్యయు, ఈ నోటు రాయుచున్న గుమస్తాయు ఒకరే. ఆమెకు ఏ వ్యాధియు లేదు, ఏ ఆపరేషనూ అవసరం లేదు. అవసరమైనచో ఆమె మెడికల్ బోర్డు ముందు హాజరగుటకు సిద్ధము. కింద పూర్తి సంతకం పెట్టాను, పొడి అక్షరాలు కాదు. నేనే పట్టుకుపోయి రామాంజనేయులు గారి ముందు పెట్టాను.

ఆయన చదివాడు. మళ్ళీ చదివాడు. తలుపు దిక్కు చూసి గొంతు తగ్గించాడు. మీ ఆయనకు మెమో వస్తాది తెలుసునా అని అడిగాడు. తెలుసన్నాను. అద్దుడు కాగితం తీసుకుని, అవసరం లేకున్నా నా సంతకం మీద అద్దాడు.

"ఒక పని చెయ్యమ్మా. మొదటి రెండు పేరాలు చాలు. సర్టిఫికెట్టు సరిగా లేదు, తిరస్కరించడమైనది. అంతే. ఆ మూడోది తీసేయ్. నువ్వు ఆయమ్మవని ఎందుకు బయటపడతావు? ఇంకొక షీటు మీద రాసుకొని రా పో."

ఆయన నా మేలు కోరే చెప్పాడు. నేను షీటు తీసుకోలేదు.

"ఉండనియ్యిండ్రి సార్" అన్నాను. "ఈ ఫైల్ల ఆమె గురించి ముగ్గురం రాసినం. ఆమెను చూసింది నేనొక్కదాన్నే."